కీసర దాటాక

నందిగామలో ఒక నర్సింగ్ హోం. పై అంతస్తులో పెద్ద డాక్టరు ఉమాకాంతం గది, లోపల గడియ. ఆయన దగ్గర ఈ మధ్యే చేరిన డాక్టరు అపూర్వ కూడా గదిలో ఉంది.

"బీరువా ఇటు తోయమ్మా. తలుపుకి అడ్డం పెడదాం."

"కదలట్లేదండి."

"తోయి, తోయి. పగిలిందేంటి?"

"కింద మందుల షాపు అద్దాలు. మన కాంపౌండర్ బెన్ని చెయ్యి విరగ్గొట్టారు సార్. మెట్లకి అడ్డం నిలబడ్డాడని, సెలైన్ స్టాండుతో."

"పోలీసులకి చేశా. వస్తున్నామంటారు, రారు. ఇదంతా నీవల్లే. పేషెంటు బసవయ్య పోయాడని వాళ్ళింటోళ్ళకి ఎవరు చెప్పమన్నారు? కిందికి ఫోన్ చేసి నేనేం చెప్పా?"

"ఆక్సిజన్ పెట్టి, విజయవాడకని అంబులెన్సు ఎక్కించమన్నారు."

"ఎక్కిస్తే కీసర దాటాక డ్రైవరే చెప్పేవాడు, దారిలో పోయాడని. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు నాది. ఈ ఆస్పత్రి మీద ఒక్క రాయి పడలా."

"శవానికి ఆక్సిజన్ ఎలా పెడతామండి?"

"పెట్టాలి. అది మీ పుస్తకాల్లో ఉండదు, అనుభవం మీద తెలుస్తుంది. మీ కుర్ర డాక్టర్లకి నిజం చెప్పాలని దురద. చూడిప్పుడు."

"చెప్పినప్పుడు వాళ్ళేమీ అనలేదండి."

"ఏంటి?"

"గుండె ఆగిపోయింది, చెయ్యాల్సిందంతా చేశా, దక్కలేదన్నా. వాళ్ళబ్బాయి నవీన్‌బాబు కింద కూలబడ్డాడు. నీళ్ళిచ్చా. తాగాడు."

"మరి ఇదేంటి? ఆ చప్పుడు... గొడ్డలి కదూ?"

"వాళ్ళ ట్రాక్టర్లో ఉందంట."

"నిన్ను కొట్టారా?"

"లేదండి. మెట్ల దగ్గర దారిచ్చారు."

"నీకెందుకు దారిచ్చారు?"

"బీరువా వదలకండి సార్."

"అడుగుతున్నా. ఎందుకిచ్చారు?"

"ఈలోగా మీరు చెప్పారని శవానికి బెన్ని ఆక్సిజన్ మాస్కు పెట్టబోయాడు. నవీన్‌బాబు చూశాడు. పోయినేడు వాళ్ళమ్మ రత్తమ్మని ఇక్కణ్ణించే పంపారంట కదా. కీసర దాటాక పోయిందంట."

"నువ్వప్పుడు లేవు."

"లేనండి. అదే చెప్పా."

"ఏం చెప్పావ్?"

"మా అమ్మని కూడా ఇట్టాగే పంపారా అనడిగాడు. నాకు తెలీదు, సార్ పైన గదిలో ఉన్నారు, ఆయన్నే అడగమన్నా."