సున్నం కలిపిన బొగ్గు

సిద్దిపేట శివారులో ఫ్యాక్టరీ పక్కనున్న కాలనీ. బాయిలర్ డ్యూటీ దిగి వచ్చిన భర్తతో మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ భార్య మాట్లాడుతోంది.

“మీ బాయిలరోళ్లు బొగ్గుల సున్నపురాయి పొడి కలిపినకాన్నుంచి గంధకం వాసనే లేదు.”

“ఆ, వాసన పోయింది.”

“మరి మొఖం గట్ల వెట్టినవేంది?”

“నిన్న సార్లు పొగగొట్టానికి మిషన్ వెట్టి చూసిన్రు. సున్నంతోని ఇంకో గ్యాసు పెరిగిందంట, నైట్రోజన్‌ది. కండ్లకు కనవడది, ముక్కుకు తెల్వది. ఆయాసం, దమ్మున్నోళ్లకు మాత్రం మంచిది కాదంట.”

“అయ్యో! పక్కింటి కనకవ్వకు దమ్మే గద. వాసన పోయిందని రోజూ మిద్దె మీదనే కూసుంటుంది. చెప్పినవా?”

“చెప్పనీకే పోయిన. ‘నీ కడుపు సల్లగుండ, నీ పుణ్యాన మంచిగ గాలి పీలుస్తున్న బిడ్డా’ అని చేతులు పట్టుకున్నది.”

“మరేం జేసినవ్?”

“ఆమె వోసిన చాయ్ తాగొచ్చిన.”