నాలుగో స్థితిని కళ్లకు చూపిన లింగస్వామి గారు

ఫసలీ 1331 అమర్దాద్ మాసంలో, అనగా 1922 జూన్ నెల ఏడో తేదీన, పెన్‌పహాడ్ వాస్తవ్యులు శ్రీ పెరుమాళ్ల లింగస్వామి గారు సూర్యాపేట మాధ్యమిక పాఠశాలలో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులుగా ప్రవేశించారు. ఉర్దూ పాఠ్యపుస్తకంలోని వాక్యాన్ని చదివి, దానిని తెలుగులో విప్పి చెప్పి, చివరి వరుసలోని విద్యార్థి తల ఊపేదాకా పేజీ తిప్పని వారి పద్ధతి ఆనాటి నుండి ఈనాటి వరకు మారలేదు.

1933లో వారు మిర్యాలగూడకు బదిలీ అయ్యారు. అక్కడ ఒక వకీలు గారింటికి తపాలాలో వచ్చే ఉర్దూ శాస్త్ర మాసపత్రికను తెచ్చుకుని, నచ్చిన వ్యాసాలను చేతిరాతతో ఎత్తి రాసుకునేవారు. పదార్థం ఘన, ద్రవ, వాయు స్థితులతో ఆగిపోదనీ, వాయువు మీద విద్యుచ్ఛక్తి ప్రబలంగా పనిచేస్తే అందులోని అణువులు చీలి విద్యుత్తు నిండిన కణాలై, ఆ వాయువు నాలుగో స్థితిని పొందుతుందనీ, ఆకాశంలోని మెరుపు అటువంటిదేననీ వారు తెలుసుకున్నది ఆ రోజుల్లోనే. 1941 నుండి అయిదేళ్లు కోదాడలో పనిచేసి, 1946లో తిరిగి సూర్యాపేట చేరారు.

ఆ మరుసటి ఏడు జరిగిన తనిఖీని మా పాఠశాల మరువలేదు. బాలికలకు వేరే మాధ్యమిక పాఠశాల లేనందున, తండా నుండి వచ్చిన చాందీ అనే అమ్మాయిని లింగస్వామి గారు తమ పూచీ మీద బడిలో చేర్పించి ఉన్నారు. తనిఖీ అధికారి ఏడో తరగతిలో అడుగుపెట్టి ముందుగా ఆ అమ్మాయినే లేపారు.

"పదార్థం ఎన్ని తీర్లుంటది?"

"నాలుగు సాబ్."

"కితాబుల మూడే ఉన్నయి గద?"

"కితాబుల మూడే ఉన్నయి సాబ్. మెరుపు మాత్రం కితాబుల లేదు."

పిల్లలు నవ్వారు. అధికారి నవ్వలేదు. ఈ పిల్లను కింది తరగతికి పంపమని చెప్పి, తనిఖీ పుస్తకం తెప్పించుకుని ఆ మాటే రాశారు. ప్రధానోపాధ్యాయులు మట్టయ్య గారు లింగస్వామి గారిని వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి బతిమాలారు.

"పిల్ల తప్పు జెప్పిందను, ఖతమైపోతది. రెండేండ్లల పింఛను తీసుకునేటోనివి, నీకెందుకీ పరేషాను?"

"తప్పు జెప్పలేదు సార్. నేను జెప్పిందే జెప్పింది. కిందికి పంపాల్నంటే ముందుగాల నన్ను పంపుర్రి."

మాట తొణకకుండా వచ్చింది గాని, వారి మనసు మాత్రం కలుక్కుమన్నది. పద్నాలుగేళ్లుగా తాను చెబుతూ వచ్చిన ఆ నాలుగో స్థితిని వారు చేతికందే దూరంలో ఎన్నడూ చూసి ఉండలేదు. చదివినదాన్ని నమ్మి ఒక ఆడపిల్ల చదువును పణంగా పెట్టానా అన్న ఆలోచన వారిని నిలువనీయలేదు. లోపలికి వెళ్లి, దానిని కళ్లకు చూపడానికి గడువు అడిగారు.

"పదిహేను దినాలిస్త," అన్నారు అధికారి. "సూపెట్టకపోతే ఆ పిల్లతోటి మీరు గూడ కింది బడికే."

పట్నంలో ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేస్తున్న ఎల్లయ్య వారి పూర్వ విద్యార్థి. అతడు పెద్దలను అడిగి, గాలిని చాలా మటుకు తోడేసి మూసిన ఒక గాజుగొట్టాన్నీ, విద్యుత్ ఒత్తిడిని పెంచే తీగచుట్టనూ అరువుగా ఇప్పించాడు. బొగ్గుతో నడిచే బస్సు కుదుపులకు గాజు పగులుతుందన్న భయంతో, లింగస్వామి గారు ఇంట్లో చెప్పకుండా తీసుకుపోయిన పట్టుచీరను దానికి చుట్టి, పసిబిడ్డలా ఒడిలో పెట్టుకుని వచ్చారు. ఇల్లాలు సైదమ్మ గారు చీరనూ, గొట్టాన్నీ మార్చి మార్చి చూసి, "నా పెండ్లినాడు గూడ నన్ను గింత పైలంగ తోల్కరాలేదు," అన్నారట. ఈ మాట మాకు చెప్పినప్పుడల్లా లింగస్వామి గారే అందరికన్నా ముందు నవ్వేవారు.

గడువు నాడు బస్సు డ్రైవరు ఫకీరా తన బండి బ్యాటరీ విప్పి తెచ్చిచ్చి, తానూ చూస్తానని అక్కడే నిలబడ్డాడు. తరగతి కిటికీలకు గోనెసంచులు కట్టి చీకటి చేశారు. మీట నొక్కితే గొట్టంలో ఏమీ కాలేదు. మళ్లీ నొక్కారు, కాలేదు. అధికారి గడియారం చూసుకున్నారు. లింగస్వామి గారి చొక్కా వీపంతా తడిసింది.

"సార్, గీ తీగ ఊడింది," అన్నది చాందీ.

తీగ బిగించి నొక్కేసరికి గొట్టం ఈ కొస నుండి ఆ కొస దాకా గులాబీ రంగు కాంతితో నిండింది. లింగస్వామి గారు గుర్రపునాడా అయస్కాంతాన్ని దగ్గరకు తేగా, ఆ వెలుగు పక్కకు వంగింది. అధికారి కుర్చీ జరుపుకుని వచ్చి, అయస్కాంతం తానే అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు.

"గాలి గిట్ల ఒంగుతదా?"

"మామూలు గాలి ఒంగదు సాబ్. ఇది అణువులు చీలిపోయిన గాలి. అందుకే నాలుగంటున్నం."

అధికారి తనిఖీ పుస్తకంలోని తమ రాతను తామే కొట్టివేశారు. వెళ్లబోతూ చాందీ వైపు తిరిగి, "ఇమ్తెహాన్ల మాత్రం మూడే రాయి బిడ్డా," అన్నారు.

"మూడు రాసి, కింద నాలుగోది గూడ రాస్త సాబ్," అన్నది ఆ అమ్మాయి. ఈసారి అధికారి కూడా నవ్వారు. ఆనాడు లింగస్వామి గారు కండువాతో ముఖం తుడుచుకోవడం మేమందరం చూశాము. చెమటకేనని వారు నేటికీ అంటారు.

మరుసటి ఏటి కల్లోలంలో బడి నెలల తరబడి మూతపడినా, వారు తమ ఇంటి అరుగు మీద పాఠం మానలేదు. చాందీ మిడిల్ పరీక్షలో ఉత్తీర్ణురాలై, ఈ నెలలోనే గరిడేపల్లి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరింది. గత వారం తమ ఆఖరి పాఠంలో లింగస్వామి గారు, అతిశీతలమైన హీలియం ద్రవం గిన్నె గోడ ఎక్కి తనంతట తానే బయటికి పారుతుందని చెప్పి, "ఇది నేను సూడలేదు, సదివిన. మీలో ఎవరన్న సూస్తే వచ్చి నాకు జెప్పుర్రి," అని ముగించారు.

నేడు, 1949 జూన్ ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్న శ్రీ లింగస్వామి గారికి, సైదమ్మ గారి సాహచర్యంలో ఆయురారోగ్యాలు సమృద్ధిగా చేకూరాలనీ, ఆ హీలియాన్ని కళ్లారా చూసిన విద్యార్థి ఎవరో ఒకరు ఎన్నేళ్లకైనా సరే వారి వాకిట నిలిచి పిలిచిననాడు, "రా బిడ్డా, కూసో, జెప్పు" అనే ఆ గొంతు ఇంతే గట్టిగా వినిపించాలనీ సహోపాధ్యాయులమందరం మనసారా కోరుకుంటున్నాము.