దస్తగిరి సాయిబు ఒక్కపొద్దు

దస్తగిరి సాయిబని ఒకాయన ఉండెనమ్మా, మా ఊళ్లో మందులంగడి ఆయనది. పోయి రెండేండ్లాయ. తెల్లారి నమాజు చేసుకుని, పెండ్లానికి టీ కాచిచ్చి, ఆడబిడ్డలకి జడలేసి, అప్పుడొచ్చి అంగడి తీసేటోడు. మొగోడు టీ కాచేదేందని మనోళ్లు నవ్వుతాండ్రి. నవ్వనీలే, అనేటోడు. ఆయనకొక అలవాటుండె. చిన్నపిల్లోళ్లకి చేదు మందు ఇయ్యాలంటే, ముందు తాను రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని నాకి, "ఆహా, బెల్లం పాకం రా నాయనా" అని నవ్వేటోడు. దాంతో వాళ్లు గుటుక్కున తాగేటోళ్లు. ఊరు ఊరంతా అట్లా అలవాటు చేసినాడనుకో.

ఏమైందంటే, వాళ్ల ఒక్కపొద్దుల నెల వచ్చింది. రంజాన్ అంటారే, అది. పగలంతా నీళ్లు గూడా ముట్టరు. ఆయన కడగొట్టు బిడ్డ ఖాసింబీ ఆ ఏడే మొదటిసారి ఒక్కపొద్దు పట్టింది. తెల్లారుజామున అడిగిందంట, నాయనా, నువ్వు నాతోపాటే ఉండాల, మాపటికి నా చేత్తో నీకు ఖర్జూరం పెడతా, అంతదాకా నోట్లో ఏమీ ఏసుకోగూడదు అని. నీతోపాటే ఒక్కపొద్దు వదుల్తా తల్లీ, అని మాటిచ్చినాడంట. చుట్టాలు గూడా వచ్చినారు. కొత్త గుడ్డలు, పూలదండ ఏసి, పిల్లను పెండ్లికూతురి మాదిరి కూచోబెట్టినారు.

ఆ పొద్దే నా కొడుకు ఓబులేసుకి జరం. వాడికప్పుడు నాలుగేండ్లు. ఒళ్లు పెనం మాదిరి కాలిపోతాంది. టౌన్లో డాక్టరు రాసిచ్చిన మందు పోస్తే ఉమ్మేస్తాడు, ముక్కు మూసి పోస్తే కక్కేస్తాడు. వాడినీ సీసానీ ఎత్తుకుని అంగడికి పరిగెత్తితి. వీడు దక్కడేమో మామా, అని ఏడిస్తి. సాయిబు మందు అరచేతిలో పోసుకున్నాడు, ఆగిపోయినాడు. నాకప్పుడు గుర్తొచ్చింది. వద్దు మామా, నీది ఒక్కపొద్దు గదా అని నేనే నాకితి. వాడు మూతి తిప్పుకున్నాడు, సాయిబు తాత తాగితేనే అంట. నాలిక మింద పెట్టుకుని ఉమ్మేస్తే ఒక్కపొద్దు పోదంటారు, సరేనని ఆయన పెట్టుకున్నాడు. ఈ దొంగనాయాలు, నవ్వొద్దమ్మాయ్, "మింగు తాతా, నోరు తెరువు, చూస్తా" అన్నాడు. సాయిబు ఒకసారి ఇంటి తట్టు చూసినాడు. మింగినాడు. నవ్వినాడు గూడా. ఆపైన మావోడు తాగినాడు.

పొద్దుగూకేతలికి జరం దిగింది. చెప్పిపోదామని వాళ్లింటికి పోతి. ఆ పిల్ల ఖర్జూరం పట్టుకుని నాయన ముందర నిలబడింది. ఆయన నోరు తెరవల్యా. "నాది మధ్యానమే పోయింది తల్లీ, మాట తప్పితి" అని జరిగింది చెప్పినాడు. నాకు భూమిలోకి పోదామనిపిచ్చింది. పిల్ల కండ్లనిండా నీళ్లు. ఇంక ఏడుస్తాదిలే అనుకుంటి. "పిల్లోడు తాగినాడా నాయనా?" అనింది. తాగినాడన్నాడు. జరం తగ్గింది తల్లీ, అని నేనంటి. అయితే నా ఒక్కపొద్దులో సగం నీది నాయనా, అని ఖర్జూరం కొరికి సగం ఆయన నోట్లో పెట్టింది. ఆయన ఏడ్చినాడు, మేమందరమూ ఏడిస్తిమి.

ఒక్కపొద్దును సగం చెయ్యొచ్చో లేదో దేవునికే తెలియాల. పండగైనాక ఆయన దానికి బదులు ఇంకో దినం పట్టినాడు, ఆ పిల్లా తోడు పట్టిందిలే. అది మొదలు, ఆ నెలొస్తే మా ఊరి ఆడోళ్లమే మా పిల్లోళ్ల ముందర మందు నాకేది, వాళ్లు ఒప్పుకునేదాకా. థూ! దానికన్నా యాపాకు నయం. అన్నేండ్లు అది నాక్కుంటా ఎట్లా నవ్వెనో, ఆ మనిషి!