పటాలమ్మగారు, నలభై ఏడో నదీభాగం

పంతొమ్మిది వందల తొంభయ్యో సంవత్సరం జూన్ నాలుగవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు జలవనరుల కార్యాలయం రెండవ అంతస్తులోని పటాల గదిలో ట్రేసర్‌గా చేరిన ఒక ఇరవై మూడేళ్ళ యువతి, ముప్పైఐదు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం, నదీపటాల విభాగాధిపతిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. రికార్డులలో ఆమె పేరు ఏదైనా, వాచ్‌మన్ మొదలు డైరెక్టరు వరకు అందరూ పిలిచేది పటాలమ్మగారనే.

అడుగున దీపం వెలిగే ఏటవాలు గాజుబల్ల మీద పాత పటాన్ని పరచి, దానిపై పలుచని కాగితం వేసి, గీతలను యథాతథంగా దించడమే తొలినాళ్ళలో ఆమె విధి. మొదటిరోజు మధ్యాహ్నానికే ఆమెకు పెద్ద చిక్కు వచ్చిపడింది. కాగితం మీద నది ఉంది గానీ అది ఎటు ప్రవహిస్తోందో బోధపడలేదు. బెరుకుగా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అడిగారు.

"బాణం గుర్తు మనమే వేయాలమ్మా, నది వేసుకోదు," అన్నారాయన కళ్ళద్దాల మీంచి చూస్తూ.

"మరి తప్పుగా వేస్తేనండీ?"

"నదికేం కాదు. మనకే అవుతుంది."

ఆ జవాబు ఆమె తికమకను తీర్చకపోగా మరింత పెంచింది. గీసేవాళ్ళు చూడని నదిని గీయడమేమిటన్న ప్రశ్న ఆమెను వదలలేదు. ఉద్యోగం చేస్తూనే సాయంకాలపు కళాశాలలో జీవశాస్త్ర పట్టా సాధించి, తొంభై ఎనిమిదిలో కోరి క్షేత్ర సర్వే విభాగానికి మారారు. అప్పటికి చంకలో ఏడాది కూతురు. పుస్తకాలు బైండింగు చేసే వృత్తిలో ఉన్న భర్త, పాపను తన దుకాణంలో కాగితాల దిమ్మెల నడుమ ఆడించుకుంటూ, ఆమె కాలికి బలపం కట్టుకుని తిరగడానికి వీలు కల్పించిన సహృదయులు.

రెండు వేల ఆరులో మన కార్యాలయం ఒక బృహత్కార్యాన్ని తలకెత్తుకుంది. మంచినీటి నదులన్నిటినీ రెండు వందల పన్నెండు భాగాలుగా విభజించి, ఒక్కొక్క భాగపు జీవావరణ విలువను వందకు ఇన్ని మార్కులని నిర్ణయించి, పటం మీద రంగులలో చూపాలి. ముదురు నీలమైతే ఆ నీటిని ముట్టుకోరాదు. లేత నీలమైతే ఆచితూచి వాడుకోవాలి. పసుపైతే అవసరానికి తోడుకోవచ్చు. ఎక్కడ నీరు తీయాలో, ఎక్కడ వదిలేయాలో ఇకపై ఆ పటమే చెబుతుంది. క్షేత్రబృంద నాయకత్వం పటాలమ్మగారిదే. వానలు వెలిసిన చలికాలంలో బృందం నదులలో దిగి, చేపలను, రాళ్ళకింది పురుగులను లెక్కించి, గట్టుమీది చెట్లను నమోదు చేసి, మూడేళ్ళలో పని ముగించింది.

నలభై ఏడవ భాగానికి ముప్పైఒక్క మార్కులు వచ్చాయి. మోకాలి లోతు నీరు, గుండ్రని రాళ్ళు, చెప్పుకోదగ్గ చేప ఒక్కటీ లేదు. పసుపు రంగు పడింది. దిగువనున్న పట్టణానికి తాగునీరు అక్కడి నుంచే తీసుకోవాలని నిశ్చయమై, రోడ్డు పక్కన పైపులు కూడా వరుసగా పేర్చారు. ఆ పట్టణంలోనే పటాలమ్మగారి అక్క కాపురం. కుళాయి మూడురోజులకొకసారి వచ్చే వీధిలో, మూడో అంతస్తులో.

పటాన్ని ఆమోదించే సంఘం తుది సంతకాలకు ఇంకా రెండు వారాలుందనగా, నడివేసవిలో, మరచిపోయి వదిలేసిన థర్మామీటరు కోసం ఆమె వల వేసే సహాయకుడితో కలిసి ఆ చోటికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం. పైనా కిందా నది గోరువెచ్చగా ఉంది. అక్కడ చేయి పెడితే జివ్వుమంది. ఇరవై నాలుగు డిగ్రీలు. సహాయకుడు వంగి చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"ఏంటమ్మా ఇది! నదిలో ఉన్న చేపలన్నీ ఇక్కడే కూర్చున్నాయి!"

రాళ్ళ సందుల్లో, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, దిగువ భాగాలకు ఎనభై, తొంభై మార్కులు తెచ్చిపెట్టిన చేపలే అవి. పటాలమ్మగారు రాయి మీద చతికిలబడ్డారు. చలికాలంలో తాను లెక్కపెట్టింది అబద్ధం కాదు. అప్పుడిక్కడ ఏమీ లేదు. ఇప్పుడు కళ్ళెదుట ఉన్నదీ అబద్ధం కాదు. మరి ఈ భాగం విలువ ఎంత? ఏ ఋతువును నమ్మాలి? మిగిలిన రెండు వందల పదకొండు భాగాల మాటేమిటి? మూడేళ్ళ శ్రమ అరచేతిలో ఇసుకలా జారిపోతున్నట్టనిపించింది.

సంఘ సమావేశంలో ఆమె లేచి నిలబడి, తన పటాన్ని తానే వెనక్కు తీసుకుంటున్నానన్నారు.

"అంటే మీ మార్కులు తప్పంటారా?" అన్నారు అధ్యక్షులు.

"తప్పని చెప్పలేనండి. ఒప్పనీ చెప్పలేను."

"అమ్మా, అక్కడ పైపులు ఎండలో పడున్నాయి. నీలమా, పసుపా? ఒక్క ముక్కలో చెప్పండి."

"తెలియదండి."

ఆ గదిలో అంతకుముందెవరూ ఆ మాట అనలేదు. పైపుల ఇంజినీరు ఫైలు మూసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. రెండు వేసవులు గడువిమ్మనీ, అంతవరకు నలభై ఏడవ భాగానికీ, వేసవిలో వేరుగా ఉండవచ్చని అనుమానమున్న ఇతర భాగాలకూ బూడిదరంగు వేసి, 'ఇంకా తెలియదు' అని రాయనిమ్మనీ ఆమె అర్థించారు. సంఘం గొణుక్కుంటూనే ఒప్పుకుంది. ముప్పై ఎనిమిది భాగాలు బూడిదరంగుకు మారాయి.

వార్త అక్కకు చేరడానికి ఒక్కపూట పట్టింది. ఫోనులో ఆమె కేకలు పక్కనే ఉన్న భర్త దుకాణంలోని బైండింగు కత్తెరల చప్పుడును మించి వినిపించాయట. ఆ ఆదివారం పటాలమ్మగారు అక్క ఇంటికి వెళ్ళారు. వీధిలో ట్యాంకరు ఆగి ఉంది. పలకరింపులేమీ లేకుండానే రెండు బకెట్లు అందుకుని వరుసలో నిలబడి, నింపుకుని, మూడంతస్తులు మోసుకెళ్ళారు. అలా ఏడుసార్లు. ఏడోసారికి అక్క గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"నీకే తెలీనప్పుడు ఎందుకాపావే?"

"తెలీదు కాబట్టే ఆపానక్కా."

"అదేం మాటే! చేపలకి చల్లగా ఉండాలి, మేం మాత్రం ఇలా చావాలా?"

"నాకూ అర్థం కావట్లేదక్కా. నిజంగా అర్థం కావట్లేదు."

అక్క ఆమె చేతిలోని బకెట్టు లాక్కుని, ఎర్రగా కమిలిన అరచేతులు చూసి, "లోపలికి రా, కూర్చో," అంది.

రెండు వేసవుల పరిశీలనలో, ఆ రాళ్ళ అడుగున చన్నీటి ఊటలున్నాయనీ, చుట్టుపక్కల పంతొమ్మిది భాగాల చేపలకు ఎండాకాలపు ఆశ్రయం అదేననీ తేలింది. నీరు తోడే చోటును మూడు కిలోమీటర్లు దిగువకు, ఉపనది కలిసిన తరువాతి లోతైన మలుపుకు మార్చారు. పట్టణానికి నీరు వచ్చింది; అయితే రెండేళ్ళ మూడు నెలలు ఆలస్యంగా. నలభై ఏడు ముదురు నీలమైంది. ప్రతి నదీభాగాన్నీ రెండు ఋతువులలో చూడాలన్న నియమం మన కార్యాలయంలో అప్పుడే స్థిరపడింది. రెండు వేల పద్నాలుగులో ఆమె విభాగాధిపతి అయ్యారు.

ఇక్కడితో ఆపితే ఈ అభినందన నిండుగా ఉంటుంది గానీ, ఆమె ఒప్పుకోరు. రెండు వేల పదహారు వేసవిలో చేపలు ఆ చోటికి రాలేదు. నీరు అంతే చల్లగా ఉంది. ఆ మరుసటి ఏడు సగం వచ్చాయి. కారణాలంటూ ముగ్గురు పరిశోధకులు మూడు రకాలుగా చెప్పారు; మూడూ ఆమె శ్రద్ధగా విన్నారు, మూడూ నమ్మశక్యంగానే తోచి మరింత అయోమయంలో పడ్డారు. శిక్షణ తరగతిలో ఒక అమ్మాయి సూటిగా, "అప్పుడు మీరు చేసింది కరెక్టేనా మేడమ్?" అని అడిగితే, ఆమె ఇలా అన్నారు.

"జనం నీళ్ళు మోసిన రెండేళ్ళూ నిజం. చేపలొచ్చిన వేసవులు నిజం, రాని వేసవీ నిజమే. వీటన్నిటినీ ఎలా కూడాలో నాకు ఇప్పటికీ రాదమ్మా."

ఇంట్లో ఈ వ్యవహారం వేరు. "వంట ఏం చేద్దామన్నా బూడిదరంగే," అని భర్త నవ్వుతారు. ఇప్పుడు నర్సుగా పనిచేస్తున్న కూతురు మాత్రం, రోగి ముందు 'డాక్టరుగారిని అడిగి చెబుతాను' అనడానికి తాను జంకకపోవడం అమ్మ చలవేనంటుంది.

గతవారం బాధ్యతలు అప్పగించే వేళ, గాజుబల్లలున్న చోట ఇప్పుడు కంప్యూటర్లున్న అదే గదిలో, పటాలమ్మగారు తమ స్థానంలోకి వచ్చే అధికారి ముందు పటం పరిచారు. బూడిదరంగు భాగాలు ఇంకా పదకొండున్నాయి.

"మేడమ్, ఇన్నేళ్ళు చూశారు కదా. కనీసం మీకు ఏ రంగనిపిస్తోందో చెప్తే..." అన్నారాయన.

ఆమె పెన్సిలు తీశారు. మొదటి భాగం మీద దాని మొన ఆనించి, కాసేపు అలాగే ఉంచారు. ఆ తరువాత తీసేసి, పెన్సిలు ఆయన చేతికిచ్చారు.

"చెప్తే మీరు అదే చూస్తారు. మీరే వెళ్ళి చూడండి, వేసవిలో ఓసారి, చలికాలంలో ఓసారి."

నదుల వెంట నడిచిన ఆ పాదాలకు అలుపు తెలియకూడదనీ, ఆమె చూపు ఇంతే నిశితంగా, ఆరోగ్యం ఇంతే దృఢంగా ఉండాలనీ, భర్తతో, కూతురితో, అక్కతో నిండు నూరేళ్ళు ఆనందంగా గడపాలనీ, ఏ వేసవిలోనైనా చేపల సంగతి ఆమెకు మా కంటే ముందే తెలిస్తే మాకో కబురు పంపాలనీ సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.