చదవని చివరి అధ్యాయం

వరండాలో తాత, మనవరాలు కూర్చున్నారు. బడిలో చదవమన్న యుద్ధ నవల ఆమె ఒడిలో మూసి ఉంది.

“రేపు తరగతిలో దీని గురించి మాట్లాడాలన్నావు. చివరి అధ్యాయం వదిలేశావేం?”

“చదివితే ఆ కుర్రాడు యుద్ధం నుంచి తిరిగొస్తాడో లేదో తెలిసిపోతుంది తాతయ్యా.”

“తెలిస్తే ఏం?”

“అన్నయ్య కూడా సరిహద్దులోనే ఉన్నాడుగా.”

“పిచ్చితల్లీ! ఎప్పటిదో యుద్ధం, ఎవరో కల్పించిన కుర్రాడు. ఈ కాగితానికీ మీ అన్నయ్యకీ సంబంధం ఏమిటమ్మా? కార్యకారణం ఉండొద్దూ?”

“అయితే నువ్వే చదివి చెప్పు.”

“ఓ, దానికేం భాగ్యం! ఇలా తే.”

తాత పుస్తకం తెరిచి, పేజీ తిప్పబోయి ఆగాడు.

“నా కళ్లజోడు ఎక్కడుందో చూడమ్మా.”

“నీ ముక్కు మీదే ఉంది తాతయ్యా.”

“ఉందా... అయితే నువ్వూ దగ్గరికి జరుగు. ఇద్దరం కలిసే చదువుదాం.”