తుక్కు నంబరు వేసిన గ్రైండర్, జ్ఞానానందం గారి భోజనవేళలు

1987 ఆగస్టు 3వ తేదీన, బాపట్లలో ఐ.టి.ఐ. చదువు ముగించుకొని వచ్చిన అడవులదీవి వాసి శ్రీ జ్ఞానానందం గారు తెనాలిలోని మన వర్క్‌షాపులో చేరారు. ఇనుప భాగాన్ని అయస్కాంతపు బల్లపై నిలిపి, తిరిగే రాయితో వెంట్రుకవాసి ఎగుడుదిగుడు లేకుండా చదును చేసే సర్‌ఫేస్ గ్రైండర్‌ను ఆనాడే ఆయనకు అప్పగించారు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ యంత్రాన్ని మరొకరు తుడవవలసిన అవసరం రాలేదు.

నిజాంపట్నం పడవల ఇంజన్ల పైమూతలైన హెడ్లు, రేపల్లె రైసుమిల్లుల భాగాలు ఒకప్పుడు ఆయన కోసం వరుసకట్టి ఉండేవి. వేడికి వంగిన హెడ్డును ఆయన సరిచేసి ఇస్తే, పడవలవాళ్లు మారుమాట లేకుండా బిగించుకొని సముద్రంలోకి వెళ్లేవారు. తరువాత కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ యంత్రం వచ్చింది. మంచి యంత్రమే, కోత, నునుపు ఒకేసారి ఇస్తుంది. గ్రైండర్‌కు పని తగ్గడం సహజం. కానీ మూడేళ్లుగా దానిపై చేసిన పనిని నమోదు చేసే జాబ్ కార్డు ఒక్కటీ లేదు కనుక అవసరం తీరిందని తీర్మానించి, పాత ఇనుము కింద అమ్మేందుకు దాని ఒంటిమీద సుద్దతో తుక్కు నంబరు వేయడం మాత్రం అన్యాయం.

కార్డులు లేకపోవడానికి కారణం జ్ఞానానందం గారి మంచితనమే. కొత్త యంత్రం నడిపే శశిధర్ చేసిన పలకలు కొన్ని చదును బల్లపై పెడితే ఊగేవి.

“ఇటు తేవయ్యా, భోజనాల బెల్లు కొట్టారుగా,” అనేవారు జ్ఞానానందం గారు.

“కార్డు రాయొద్దాండి?”

“రాస్తే నీ పని తప్పని పైకి పోద్ది. నా పేరు రాదంటావా, రాసినా అక్కడెవరూ గుర్తుపట్టర్లే!”

అలా మూడేళ్లు, భోజనవేళల్లో ఆ పలకలను తన గ్రైండర్‌పై గుట్టుగా చదును చేసి ఇచ్చారు. సాయంత్రం క్యారేజీ తెరిచి, ఆయన సతీమణి ఫ్లోరెన్స్ గారు, “ఏంటండీ, అన్నం అలాగే తెచ్చారు? ఆ గ్రైండరుకైనా పెట్టకపోయారా!” అని దెప్పేవారు.

తుక్కు నంబరు చూసిన రోజున శశిధర్, ఆయన సరిచేసిన తన పలకల లెక్క, నూట పన్నెండు, స్వయంగా రాసి మేనేజరు పూర్ణచంద్రరావు గారి ముందు పెట్టారు.

“ఇన్నాళ్లూ చెప్పలేదేంటయ్యా?”

“ఆయన చెప్పనివ్వలేదండి.”

అమ్మకం ఆగింది. సుద్ద అంకె మాత్రం ఇంకా అలాగే ఉంది. పనిని కాక కాగితాన్ని మాత్రమే చూసినందుకు మనమందరం సిగ్గుపడాలి.

జ్ఞానానందం గారు ఆయురారోగ్యాలతో, ఇకనైనా వేళకు వేడి అన్నం తింటూ, సకుటుంబంగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాము. ఆయన తన సన్మాన సభకు వచ్చేలోగా ఆ అంకెను చెరిపివేయండి. ఆయన కంటపడితే ఎవరినీ ఏమీ అనరు. జేబురుమాలు తీసి తానే తుడుస్తారు. ఈ ఒక్కసారి ఆ యంత్రాన్ని మరొకరు తుడవాలి.