పిన్నులు పెట్టుమంటే

హలో… ఆ, నేనే. ఇంకెవలుంటరు, ఈ ఫోనుకు గుమాస్తాను నేనొక్కదాన్నే గద.

… ఆ, వచ్చింది. బోధన్ బస్సుల వచ్చింది నీ మూట. కండక్టరు మంచోడు, పైలంగ దించి చేతికిచ్చిండు. ఇప్పిన. సూసిన. సూసి, కూసుండి, మంచినీళ్లు తాగిన.

… ఎందుకంటే— చెప్తున్న, ఆగు. మీ అన్న గూడ సూసిండు. "మా చెల్లె పని ఎట్లున్నది" అన్నడు. మాట మార్చి చాయ్ పెట్టిచ్చిన.

ముందు నువ్వు చెప్పు. మొన్న నీకు నేనేం చెప్పిన?

… ఆ. ముక్కలు కత్తిరించు అన్న. కత్తిరించినవు. బొచ్చు లోపలికి, ఉల్టా బయటికి పెట్టి, ముక్క మీద ముక్క జత చెయ్యి అన్న. చేసినవు. తర్వాత?

… "పిన్నులు." మంచిది. పిన్నులు ఏం చెయ్యుమన్న?

…

కొట్టుమన్ననా?

జ్యోతీ, నా మొకం ఒక్కసారి యాది చేసుకొని చెప్పు. పిన్నులు పెట్టుమన్ననా, కొట్టుమన్ననా?

… రెండూ ఒకటేనా! ఆహా. నీ పెనిమిటి అనిల్‌కుమార్ జిరాక్సు దుకాణంల ఒకటే ఉంటది తల్లీ. ఆధార్ కాయితం మీద పాస్‌బుక్కు కాయితం పెట్టి టక్కుమని కొడ్తరు సూడు, గది పిన్ను కొట్టుడు. బట్టకు పెట్టేది గుండుసూది. పెడ్తరు, కుట్టుకుంట కుట్టుకుంట తీస్తరు. నువ్వేమో గుడ్డెలుగు బొమ్మలకు స్టాప్లరు కొట్టి పంపినవు!

… నవ్వుతలేను. నవ్వితే మిషిన్ మీద కన్నీళ్లు పడ్తయి.

… ఎట్లున్నయా? పొట్టకు పిన్నులు. కాళ్లకు పిన్నులు. మూతికి పిన్నులు. బొమ్మలా అవి, తహసీల్ ఆఫీసుల ఇచ్చే దరఖాస్తులా? కింద సంతకం పెట్టి ఫోటో అతికిస్తే ఒక్కొక్క గుడ్డెలుగుకు పట్టా గూడ వస్తది.

… మిషిన్ సూది ఇరిగింది. మొదటి కాలుకే. ఎగిరి నా కంటి ముంగటికెళ్లి పోయింది. … ఏం గాలే, కండ్లు రెండూ ఉన్నయి. ఉన్నయి గాబట్టే నీ పిన్నులు ఇంత సక్కగ మెరుస్తున్నయి.

… యూట్యూబుల? యూట్యూబుల ఎవలు కొట్టిండ్రే స్టాప్లరు? … క్లిప్పులు పెట్టిండ్రా. రంగు రంగుల చిన్న క్లిప్పులు. అవి నీ దగ్గర లేవు, గందుకని స్టాప్లరు. ఇంట్ల బట్టలారేసే క్లిప్పులు లేకుండెనా? … జారుతయా? జారుతయి మరి. బొచ్చు బట్టకు జారుడే పని. గందుకే గదా నేను కచ్చా కుట్టు అన్నది. సూదిల దారమెక్కిచ్చి, దూరం దూరం కుట్లేసి ముక్కలు పట్టి ఉంచాలె. మిషిన్ పని అయినంక ఒక్క గుంజు గుంజితే దారం మొత్తం ఊడొస్తది, లోపల ఏం మిగలది. నేర్పుత రా అంటే ఏమన్నవు? "గంత టైం ఎవలికున్నది వదినా" అన్నవు. సరే, రాణీగారికి టైం లేదు, పిన్నులన్న పెట్టు అన్న. గదీ కథ.

… ఏడుస్తున్నవా? … ఏడుస్తలేవా. మరి గా సప్పుడేంది?

… సన్నాయా? సన్నాయి ఏడికెళ్లి వచ్చె?

ఓహో, ఫంక్షన్ హాల్ల ఉన్నవా! ఝాన్సమ్మ మనుమని అన్నప్రాసన ఈయాల్నేనా. నిన్ను గూడ పిలిసిండ్రా. … పిలుస్తరు, పిలగాని పుట్టినరోజుకు పిల్లలందరికి పంచే బొమ్మల ఆర్డరు నీకే ఇచ్చిరి గద. … "రండి, కూర్చోండి" అంటుండ్రా. నువ్వు గూడ "అలాగేనండి" అను. ఇంకో రెండు ఫంక్షన్లకు పోయినవంటే, నిజాంసాగర్ కాలువ కింద నీకు గూడ, ఆంధ్రకెళ్లి వచ్చిన ఝాన్సమ్మోళ్ల లెక్క, చెరుకు తోట ఉన్నట్టే మాట్లాడ్తవు.

… ఏం చేసిండు పిలగాడు? జెర గట్టిగ చెప్పు. … పుస్తకం పెట్టిండ్రు, పెన్ను పెట్టిండ్రు, బంగారు గొలుసు పెట్టిండ్రు, వడ్లు పెట్టిండ్రు… ఆ, తెలుసు, పాక్కుంట పోయి ఏది పట్టుకుంటే పెద్దయినంక గదే అయితడని. … అన్ని ఇడిసిపెట్టి?

బొమ్మనా! సీదా పోయి గుడ్డెలుగును పట్టుకున్నడా! అరెరె, తాతేమో మనుమడు ఇంజినీరు అయితడనుకుంటే, వీడు ఎలుగుబంట్లు ఆడిస్తడా! … అందరు చప్పట్లు కొట్టిండ్రా. ఇద్దరు ముగ్గురు నీ నంబరు గూడ అడిగిండ్రా. శాబాష్. ఇగ నీ అంత పెద్దమనిషి బోధన్ల లేదు పో.

… ఆగు.

ఏ గుడ్డెలుగు?

… లేదు జ్యోతీ, నేనింక ఒక్కటన్న కుట్టలే. మూట పొద్దుగాలనే వచ్చె, మొదటి కాలుకే సూది ఇరిగె. మరి ఆ బొమ్మ ఏడిది?

… నువ్వే కుట్టినవా. నమూనా సూపియ్యాలని. చేతితోనే. మంచిది.

దానికి గూడ పిన్నులు కొట్టినవా?

… అన్ని తీసిననంటవు. ఎట్ల తెలుసు? … వేలితోటి తడిమినవా. సీదాకు తిప్పకముందా, తిప్పినంకనా? … దూది నింపినంకనా! దూది నింపినంక వేలుకు ఏం తెలుస్తది, మెత్తగున్నదని తప్ప?

… చెవులు ఎట్ల నిలబెట్టినవు? చిన్న ముక్కలు, ఊకె జారుతయి. … ఏమన్నవు? మళ్ల చెప్పు.

… జారుతున్నయని చెవులకు ఇంక ఎక్కువ కొట్టినవా.

లేదు, కోపం లేదు. సన్నాయికి దూరంగ జరుగు. జరిగినవా? ఇప్పుడు పిలగాడు ఏడున్నడు? … ఝాన్సమ్మ ఒళ్లె. బొమ్మ? … వాని చేతులనే. ఏం చేస్తుండు దాంతోటి?

… నోట్లె పెట్టుకున్నడా.

పో. ఉరుకు. బొమ్మ తీస్కో.

… ఎట్ల తీస్కోవాలె అని అడుగుతవా? చేయి పెట్టి తీస్కో! … అందరు సూస్తే సూడనియ్యి. … పిలగాడు పట్టుకున్న వస్తువు గుంజుకుంటే అపశకునమంటరా? పిన్ను గొంతుల పడితే శుభమా మరి? … ఆర్డరు పోతదని నాకు తెల్వదా జ్యోతీ! నీకది మొదటి ఆర్డరని తెల్వదా! అనిల్‌కుమార్ "అయిపోయినయా నీ బొమ్మలాటలు" అంటడు, అది గూడ తెలుసు. అననియ్యి. ఆయన దుకాణం పిన్నే గద ఇప్పుడు పిలగాని నోటికాడ ఉన్నది!

… సరే, విను. దిష్టి చుక్క పెడ్తనని చెప్పు. ఇంత మంది సూసిండ్రు, బొమ్మకు గూడ దిష్టి తాకింది, కాటుక చుక్క పెట్టి మళ్ల ఇస్తనని తీస్కో. ఎవలేమనరు, సంబురపడ్తరు. నడువు. ఫోను కట్ చెయ్యకు, చేతులనే పట్టుకో.

…

…

జ్యోతీ?

… ఏం వినవడుతలేదు. సన్నాయే వినవడుతున్నది.

… అరె, చుక్క పెట్టుడు గింత సేపా! ఎవలతోటి మాట్లాడుతున్నవు? … సన్నాయి గూడ ఆగిపోయింది. ఏమైందే? జ్యోతీ!

… ఆ! దొరికిందా? చెవి సూడు ముందు. రెండు వేళ్ల నడుమ పెట్టి నలుపు. కుట్టు పొంటి, మెల్లగ. … ఎడమదాంట్ల ఏం లేదు. కుడిది?

… తడిగున్నదా.

నలుపు. భయపడకు, నలుపు.

… గుచ్చిందా.

లోపల్నే ఉన్నదా! మొత్తం ఉన్నదా, ఇరిగిందా? రెండు కొనలు సూడు. … రెండూ ఉన్నయి. ఒక కొన బయటికొచ్చింది. అబ్బా…

పిలగాని నోరు తెరిపిచ్చి సూడుమను. నాలుక, చిగుర్లు, పెదవి. రక్తం గిట్ల— … లేదా. మంచిగ సూసిండ్రా? … బొమ్మ కోసం ఏడుస్తుండా? ఏడ్వనియ్యి. గొంతు చించుకొని ఏడ్వనియ్యి. గొంతుల ఏం లేదన్నట్టే గద.

… నాకేమైంది, ఏం గాలే. గా సప్పుడా? కత్తెర కింద పడ్డది. ఇంకింత ఆలస్యమైతే ఆ పసిగుడ్డును ఎత్తుకొని ఈడ నిజామాబాద్ ఖలీల్‌వాడి దవాఖాన్ల పొంటి ఉరుకుతుండ్రి ఈపాటికి.

… ఎవలు? ఝాన్సమ్మ మాట్లాడుతదా? ఇయ్యి. ఇయ్యి, భయమెందుకు.

నమస్తే అమ్మా. నేను గంగమణిని, జ్యోతి వదినను. నిజామాబాద్‌ల మిషిన్ కుడ్త. … అమ్మా, ముందు నా మాట వినుండ్రి. తప్పు నాది. పిన్నులు కొట్టుమని చెప్పిందే నేను. ఆ పిల్లకేం తెల్వది, నేనెట్ల చెప్తే అట్ల చేస్తది, దానిమీద కోపం చెయ్యకుండ్రి…

… ఏంటిదమ్మా?

… జ్యోతి చెప్పిందా? ఎప్పుడు?

… బొమ్మ తీస్కునేటప్పుడే. అందరి ముంగట. దిష్టి చుక్క అని అనలేదా? … "దీంట్ల నేను కొట్టిన పిన్ను ఉన్నదేమో, బాబు నోట్లకెళ్లి తియ్యుండ్రి" అన్నదా.

… "మా వదిన తప్పు లేదు, ఆమె చెప్తే నేనే వినలే" అని గూడ అన్నదా.

… అబద్ధమమ్మా. చిన్నప్పటి సంది దానికి అబద్ధాలు ఎక్కువ. నేనే… నేనే చెప్పిన.

… అవునమ్మా. ఇద్దర్ల ఎవలో ఒకలు అబద్ధమాడుతున్నం. నిజమే.

… ఆ. … అర్థమైందమ్మా. పసిపిల్లల నోట్లె పెట్టుకునే బొమ్మలు, మీకు మళ్ల నమ్మకం ఎట్ల కుదురుతది. … ఒక్కటి గూడ వద్దు. సరే. … లేదమ్మా, మీ తప్పేమున్నది. పిలగాడు సల్లగుండాలె, గదే సాలు. … అన్నం పెట్టి పంపుతరా దానికి? మీ పుణ్యం. … ఆ, ఇయ్యుండ్రి.

… ఆ, జ్యోతీ.

ఓ మహాతల్లీ! ఒక్క కాటుక చుక్క పెట్టుమంటే సన్నాయి ఆపిచ్చి హరికథ చెప్పినవట గద?

… నోట్లె చెవి పెట్టుకున్న పిలగాన్ని సూసినంక, చుక్క యాదికే రాలేదా.

… ఊ.

… విన్న. పోయింది, ఆర్డరు మొత్తం పోయింది. … నంబరడిగినోళ్లు గూడ మొకం అటు తిప్పుకున్నరా. తిప్పుకుంటరు, వాళ్లకు పిల్లలు లేరా. … ఏడువు. ఇప్పుడు ఏడిస్తే ఏమనను.

…

ఇగో, విను. ఒక్కసారే చెప్త, మళ్ల అడిగినా చెప్ప. ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటి సంది నీతోటి కొట్లాడుతనే ఉన్న. ఈయాల మాత్రం, ఇది మా ఆడబిడ్డ అని బజార్ల నిలబడి చెప్పుకోవాలనిపిచ్చింది నాకు. … ఏం లేదు. ఫోన్ల ఏం వినవడలేదనుకో. మళ్ల చెప్ప అన్న గద.

… అనిల్‌కుమార్ ఏమన్న అంటే ఫోను ఆయనకియ్యి. ఈ మూటల పిన్నులన్ని ఏరి, పొట్లం కట్టి, బస్సులనే వాపస్ పంపుత. మీ సామాను మీకు ముట్టిందా తమ్మీ అని అడుగుత.

… బొమ్మనా? పారేయకు. తీస్కొని రా. రేపు పొద్దుగాల బస్సుకు వచ్చెయ్యి. మొత్తం ఊడదీద్దాం, చెవుల కాడికెళ్లి మళ్ల మొదలుపెడ్దాం. పక్కన కూసుండబెట్టుకొని కచ్చా కుట్టు నేర్పుత. తెల్ల దారం తెచ్చుకో, బొచ్చుల మంచిగ కనవడాలె. టైం ఉన్నదా రాణీగారికి?

… మస్తున్నదా. ఉంటది మరి, ఆర్డరు లేకపాయె.

… స్టాప్లరు గూడ తేవాల్నా అంటవా! … ఆ, పరాచికాలు గూడ వస్తున్నయి. ఇగ ఫికర్ లేదు నీకు.

పో, నాలుగు బుక్కలు తిను. పిలగానికి మొదటి బుక్క పెట్టిన ఇంట్లకెళ్లి ఆకలితోటి రావద్దు. … సరే. ఇగ ఫోను పెట్టు.

… ఇంకేంది? పెట్టు.

… పెట్టు అంటున్న జ్యోతీ, కొట్టు అంటలే. … ఆ. బస్సెక్కినంక కొట్టు.